ఇంటి తడి చెత్తతో వంట గ్యాస్: వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టి నడపడం ఎలా

విశాఖలో ఇంటి బయోగ్యాస్ ట్యాంకు పెట్టుకుని అడిగేవాళ్ళు మారుతున్నారు గానీ ప్రశ్నలు మాత్రం అవే. “పేడ పోసి నెలైంది, డ్రమ్ము లేవలేదు.” “డ్రమ్ము లేచింది, అగ్గిపుల్ల పెడితే ఆరిపోతోంది.” “మొదట బాగానే వెలిగింది, ఇప్పుడు పుల్లటి కంపు కొడుతోంది.” మూడింటికీ చాలాసార్లు కారణం ఒకటే, తొందర.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పుకుందాం. గాలి చొరబడని ట్యాంకులో రెండు జట్ల సూక్ష్మజీవులు పనిచేస్తాయి. మొదటి జట్టు అన్నం, తొక్కలు కుళ్ళబెట్టి ఆమ్లాలు చేస్తుంది. రెండో జట్టు ఆ ఆమ్లాలు తిని మీథేన్, అంటే మండే గ్యాస్ ఇస్తుంది. ఆ గ్యాస్ ట్యాంకులో బోర్లించిన డ్రమ్ములో చేరి దాన్ని పైకి లేపుతుంది. మొదటి జట్టుది పరుగు, రెండోదానిది నడక. మీరు ఒక్కసారిగా బకెట్టు నిండా అన్నం గుమ్మరిస్తే ఆమ్లం పేరుకుపోయి రెండో జట్టు చచ్చిపోతుంది. దూడకు పాలు మరిపించి గడ్డి అలవాటు చేసినట్టే, పేడలో పెరిగిన ఈ జీవాలకు వంటింటి చెత్త మెల్లగా అలవాటు చేయాలి.

విశాఖ వాతావరణం ఈ పనికి బాగా కలిసొస్తుంది. వీటికి నచ్చేది 30 నుంచి 37 డిగ్రీల వేడి. మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఊరికే దొరుకుతుంది. కలిసిరానివీ ఉన్నాయి: ఇనుమును తినేసే ఉప్పుగాలి, తీరం దగ్గర ఉప్పుదేలిన బోరు నీళ్ళు, తుపాన్లు. ఒక్కొక్కటీ దాని చోట చెప్పుకుందాం.

ముందు లెక్క చూసుకోండి

నలుగురున్న ఇంట్లో రోజుకు ఒకటిన్నర, రెండు కిలోల తడి చెత్త వస్తుంది. దాంతో సుమారు 150 నుంచి 200 లీటర్ల గ్యాస్ ఆశించవచ్చు. చిన్న బర్నరు మీద ముప్పావుగంట మంట. ఘనమీటరు, అంటే 1,000 లీటర్ల బయోగ్యాస్ సుమారు 450 గ్రాముల ఎల్పీజీకి సమానం. ఆ లెక్కన 14.2 కిలోల సిలిండరుకు దాదాపు 32 ఘనమీటర్లు కావాలి. రోజూ 200 లీటర్లు తీస్తే ఏడాదికి రెండు సిలిండర్లు, ఇంకొంచెం మిగులుతాయి. “సిలిండరే అక్కర్లేదు” అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. అలా కావాలంటే పక్కింటివాళ్ళ చెత్త కూడా మీరే తెచ్చుకోవాలి.

“విశాఖ శివార్లలో కాపులుప్పాడలో చెత్త కాల్చి కరెంటు తీస్తున్నారుగా, ఇంట్లో ఇదంతా ఎందుకు?” అని కూడా అడుగుతుంటారు. కూరగాయల తొక్కల్లో పదింట ఎనిమిది వంతులు నీళ్ళే. దాన్ని కాల్చాలంటే ముందు ఆ నీళ్ళు ఆవిరి చేయాలి, వేడంతా అక్కడే పోతుంది. పులియబెట్టేటప్పుడు ఆ నీళ్ళే పనికొస్తాయి. పొడి చెత్త కాల్చడానికి, తడి చెత్త ట్యాంకుకి.

కావలసినవి

1,000 లీటర్ల నల్ల ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు ఒకటి, అందులో బోర్లించడానికి 750 లీటర్లది ఒకటి. కొనేముందు టేపు పట్టుకెళ్ళండి. లోపలి డ్రమ్ము బయటి వ్యాసం, పెద్ద ట్యాంకు లోపలి వ్యాసం కన్నా 4, 5 సెంటీమీటర్లే తక్కువ ఉండాలి. సందు ఎక్కువైతే గ్యాస్ ఆ సందులోంచే పోతుంది, తక్కువైతే డ్రమ్ము ఇరుక్కుంటుంది. కంపెనీని బట్టి కొలతలు మారతాయి కాబట్టి లీటర్లు చూసి కొనేయకండి.

చెత్త పోయడానికి 3 అంగుళాల పీవీసీ పైపు, మోచేయి (వంపు ముక్క, ఎల్బో). ద్రవం బయటకు పోవడానికి 2 అంగుళాల పైపు. అడుగు మడ్డి తీయడానికి 2 అంగుళాల వాల్వు. వీటికి సరిపడా ట్యాంక్ నిప్పల్సు (ట్యాంకు గోడకు పైపు బిగించే ముక్కలు), రబ్బరు వాషర్లు. గ్యాసుకు అరంగుళం పీవీసీ పైపు, రెండు ప్లాస్టిక్ బాల్ వాల్వులు, ఒక టీ (మూడు దారులు కలిసే పైపు ముక్క). జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప సామాను వద్దు. బయట ఉప్పుగాలి, లోపల గ్యాసులో ఉండే, కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడు, రెండూ కలిసి దాన్ని త్వరగా తినేస్తాయి.

పొయ్యి మాత్రం ఐఎస్ 8749 (భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న బయోగ్యాస్ పొయ్యే కొనండి. పాత ఎల్పీజీ పొయ్యి జెట్టు కంత పెద్దది చేసి వాడేవాళ్ళు ఉన్నారు. అది పని చేస్తుంది, కానీ రేపు ఎవరో తెలియక ఆ పొయ్యికే సిలిండరు తగిలిస్తే ఇల్లు అంటుకుంటుంది.

పీహెచ్ పేపరు (ద్రవం పులుపు ఎంతో రంగుతో చూపేది) ఒక పుస్తకం, 20 కిలోల ఇసుక మూటలు రెండు, తాజా పేడ 150 కిలోలు. సింహాచలం వైపు గానీ, మీ దగ్గర్లో గానీ పశువుల శాలలో అడిగితే దొరుకుతుంది. ఆ రోజు వేసిన పేడే కావాలి. పిడకలు, ఎండిన పేడ పనికిరావు, మీథేన్ చేసే జీవాలు గాలి తగిలితే, ఎండితే బతకవు. జబ్బుచేసి మందులు వాడుతున్న పశువు పేడ కూడా వద్దు. ఎక్కడైనా నడుస్తున్న గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి 50 లీటర్ల ద్రవం దొరికితే అదృష్టమే, రెండు వారాలు కలిసొస్తాయి.

చేసే పద్ధతి

1. చోటు. నిండిన ట్యాంకు బరువు ఒక టన్ను. అదంతా చదరపు మీటరు మీద పడుతుంది. మామూలు ఇంటి డాబా చదరపు మీటరుకు 150, 200 కిలోల లెక్కన కట్టినది. అందుకని నేల మీదే పెట్టండి. డాబా తప్పదంటే కింద స్తంభం, దూలం ఉన్న చోటు ఇంజనీరుతో చూపించుకున్నాకే. రోజుకు 5, 6 గంటల ఎండ తగలాలి. వంటింటికి దగ్గరగా, కానీ కిటికీ కింద కాకుండా. గది లోపల ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

2. కంతలు. పెద్ద ట్యాంకు పైకప్పు కోసేయండి. అడుగు నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున 3 అంగుళాల నిప్పల్, దానికి మోచేయి, అక్కడి నుంచి ట్యాంకు అంచు కన్నా అడుగు ఎత్తు వచ్చేలా నిలువు పైపు. చెత్త పోసేది ఇందులోనే. దానికి ఎదురువైపు అంచుకు 10 సెంటీమీటర్ల దిగువన 2 అంగుళాల పైపు, పోసినంత ద్రవం దీంట్లోంచి దానంతటదే బయటికి వస్తుంది. రెండూ ఒకే వైపు పెడితే పోసిన చెత్త జీర్ణం కాకుండానే వచ్చేస్తుంది. అడుగున మడ్డి వాల్వు.

3. డ్రమ్ము. చిన్న ట్యాంకు మూత ఉన్న వైపు పూర్తిగా కోసి బోర్లించండి. ఇప్పుడు పైకి వచ్చిన అడుగుభాగం మధ్యలో అరంగుళం నిప్పల్, బాల్ వాల్వు. వాషరు రెండు వైపులా ఉండాలి, మరకు టెఫ్లాన్ టేపు చుట్టాలి. కోసిన అంచు ఆకురాయితో నున్నగా చేయండి, లేకపోతే అది ట్యాంకు గోడను గీకుతుంది.

4. నీటి పరీక్ష. పేడ పోయకముందే మామూలు నీళ్ళతో నింపి ఒక రోజు వదిలేయండి. నిప్పల్ దగ్గర చెమ్మ కనిపిస్తే ఇప్పుడే సరిచేయాలి. పేడ పోశాక అదే పని చేయాలంటే ఎవరూ దగ్గరికి రారు.

5. నింపడం. పేడలో గడ్డి పరకలు, రాళ్ళు ఏరేసి నీళ్ళతో చేత్తో పిసికి పలచన చేసి పోయండి. 150 కిలోల పేడ వేసి, మిగతాది బయటి పైపు మట్టం దాకా నీళ్ళు. కుళాయి నీళ్ళయితే ముందు రోజే పట్టి మూత లేకుండా ఉంచండి, క్లోరిన్ పోతుంది. సముద్రానికి దగ్గర ఇళ్ళలో బోరు నీళ్ళు నాలుక మీద వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే వాడొద్దు. ఉప్పు ఒక్కసారిలో చంపదు గానీ పేరుకుపోయి గ్యాస్ తగ్గిస్తుంది.

6. డ్రమ్ము దించడం. పై వాల్వు పూర్తిగా తెరిచి, డ్రమ్మును మెల్లగా మునిగేదాకా దించండి. లోపలి గాలంతా వాల్వులోంచి పోవాలి. అప్పుడు మూసేయండి. డ్రమ్ముకూ ట్యాంకుకూ మధ్య సందు చుట్టూ దోమతెర కట్టండి. లేదంటే ఇంట్లోనే దోమల పెంపకం పెట్టినట్టే.

7. ఆగడం. ఏమీ వేయకండి. 7 నుంచి 15 రోజుల్లో డ్రమ్ము లేస్తుంది. మొదటిసారి నిండిన గ్యాస్ ఎక్కువగా బొగ్గుపులుసు వాయువే, మండదు. పైగా మిగిలిన గాలి కలిసి ఉంటుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగిలితే పేలుతుంది. అందుకని మొదటి రెండు డ్రమ్ముల గ్యాస్ చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని గాలిలోకి వదిలేయండి. మండుతుందో లేదో చూడాలనిపిస్తుంది, అదే వద్దు. డ్రమ్ము వాల్వు దగ్గర అగ్గిపుల్ల ఎప్పుడూ గీయకూడదు. పరీక్ష పొయ్యి దగ్గరే.

8. గ్యాస్ గొట్టం. డ్రమ్ము పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి అక్కడ రెండు మీటర్ల మెత్తటి గ్యాస్ హోసు వాడి, ఆ తర్వాత పీవీసీ. గొట్టం ఒక వైపుకు వాలుగా ఉండాలి, అన్నిటికన్నా పల్లంలో టీ పెట్టి కింద చిన్న వాల్వు. గ్యాసులో తేమ చల్లబడి నీరుగా అక్కడ చేరుతుంది. పొయ్యికి ముందు గొట్టంలో సన్నకంతల స్టీలు జాలి చుట్ట ఒకటి దూర్చండి, మంట వెనక్కి పాకకుండా ఆపుతుంది.

9. వాసన జాలి. రెండడుగుల 3 అంగుళాల పైపులో లేతు షాపు ఇనుప రజను నింపి గ్యాస్ దారిలో పెట్టండి. గాజువాక ఆటోనగర్‌లో అడిగితే బస్తాల కొద్దీ దొరుకుతుంది. రజనుకు ఆయిల్ అంటి ఉంటే సబ్బునీళ్ళతో కడిగి, తడిపి వారం ఎండలో పడేసి తుప్పు పట్టించాలి. హైడ్రోజన్ సల్ఫైడును పట్టేది ఇనుము కాదు, తుప్పు. ఎర్రటి రజను నల్లబడితే మార్చే సమయం. తీసిన నల్ల రజను పొడిగా గాలికి వదిలితే వేడెక్కి రాజుకోవచ్చు, బాగా తడిపి ఆరుబయట మట్టి మీద పరచండి. మళ్ళీ ఎర్రబడితే మళ్ళీ వాడుకోవచ్చు.

10. బరువు. డ్రమ్ము వ్యాసం దాదాపు ఒక మీటరైతే గుర్తుంచుకోవాల్సిన అంకె 8. ప్రతి 8 కిలోల బరువుకు గ్యాస్ ఒత్తిడి సుమారు 1 సెంటీమీటరు నీటి ఎత్తు పెరుగుతుంది. డ్రమ్ము 1 సెంటీమీటరు లేస్తే సుమారు 8 లీటర్ల గ్యాస్ చేరినట్టు. పొయ్యికి 7, 8 సెంటీమీటర్ల ఒత్తిడి కావాలి, అంటే మొత్తం 60 కిలోలు. డ్రమ్ము సొంత బరువు 20 కిలోలనుకుంటే రెండు ఇసుక మూటలు సరిపోతాయి. ఎదురెదురుగా పెట్టండి, ఒకవైపే పెడితే డ్రమ్ము ఒరిగి అంచు కిందనుంచి గ్యాస్ బుడబుడమని పోతుంది. ఒత్తిడి కొలవాలంటే సన్నటి పారదర్శక గొట్టం యు ఆకారంలో వంచి పసుపు నీళ్ళు పోసి ఒక కొస గ్యాసుకు తగిలించండి. రెండు మట్టాల తేడాయే మీ ఒత్తిడి.

మేత

పొయ్యి మీద మంట నిలకడగా వెలిగిన రోజు నుంచే మేత మొదలు. మొదటి వారం రోజుకు 200 గ్రాములు. రెండో వారం 400. ఆ తర్వాత 800, అయిదో వారానికి ఒకటిన్నర కిలో. అక్కడి నుంచి మెల్లగా రెండు కిలోలు. ఈ ట్యాంకు బాగా స్థిరపడ్డాక 4 కిలోల దాకా తట్టుకుంటుంది, అంతకు మించి వద్దు.

చెత్త మిక్సీలో వేసి, రెట్టింపు నీళ్ళు కలిపి పోయాలి. చెయ్యి పెట్టి చూస్తే దోసెపిండి కన్నా పలచగా, మజ్జిగ కన్నా చిక్కగా, వేళ్ళ మధ్య పీచు తగలకుండా ఉండాలి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి ఉంటే మామూలు నీళ్ళు అక్కర్లేదు. మన పెద్దలు పశువులకు పెట్టిన కుడితి ఇదే, ట్యాంకుకూ అంతే ఇష్టం.

అన్నింటికన్నా ఎక్కువ గ్యాస్ ఇచ్చేది మిగిలిన అన్నం, పాసిన చపాతీ, పప్పు, మెత్తబడ్డ అరటిపండు, మామిడి గుజ్జు. కిలో అన్నం, కిలో బీరకాయ చెక్కు ఒకటి కాదు. అన్నంలో గ్యాస్ మూడు రెట్లు ఉండొచ్చు, పుల్లబడే ప్రమాదం కూడా అంతే. పెళ్ళి భోజనం మిగిలిందని గంపెడు అన్నం ఒక్కరోజే వేయకండి. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజులు పంచండి. రైతుబజారు దగ్గర పారేసే కూరగాయలు తెచ్చుకోవచ్చు, కట్టిన పురికొస, రబ్బరు బ్యాండ్లు ఏరాక.

వేయకూడనివి: కొబ్బరి పీచు, టెంకలు, ఎముకలు, గుడ్డు పెంకులు, ములక్కాడ పిప్పి, అరటాకులు, కరివేపాకు రెబ్బలు. ఇవి విషం కాదు, జీర్ణం కావు అంతే, పైపు పట్టేస్తాయి. నిమ్మ, బత్తాయి తొక్కల నూనె జీవాలకు పడదు. చింతపండు పిప్పి, పులిసిన పిండి, ఊరగాయ ఊట కొద్దిగా అయితే సరే. వాడేసిన నూనె రోజుకు రెండు చెంచాలు దాటకూడదు, పైన మీగడలా గట్టిపడుతుంది. చేపల తలలు, పేగులు బాగా రుబ్బి, మొత్తం మేతలో పదో వంతు వరకే. ఎక్కువైతే అమోనియా పెరిగి గ్యాస్ తగ్గుతుంది, వీధంతా హార్బరు వాసన. ఫినాయిలు, గిన్నెల సబ్బునీళ్ళు, గడువు దాటిన మాత్రలు ఒక్కసారి పడినా నెల వెనక్కి పోతారు.

సరిగ్గా నడుస్తోందా?

బయటికి వచ్చే ద్రవంలో పీహెచ్ పేపరు ముంచండి. 6.8 నుంచి 7.5 మధ్య ఉంటే మంచిది. మొదటి రెండు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత నెలకోసారి చూస్తే చాలు. వాసన కూడా చెబుతుంది: తడి మట్టి, పాత పేడ వాసన అయితే ఆరోగ్యం. పుల్లటి వాంతి వాసన వస్తే పీహెచ్ చూడకముందే మేత ఆపేయండి.

డ్రమ్ము పక్కన పెయింటుతో సెంటీమీటరు గీతలు గీసుకోండి. పొద్దున ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చూస్తే రోజు గ్యాస్ ఎంతో తెలుస్తుంది. ఆ రోజు గ్యాస్ వాడకుండా ఉంటేనే లెక్క నిజం. 25 గీతలు లేస్తే 200 లీటర్లు.

కారుతోందేమో చూడాలంటే వాల్వు మూసి రాత్రి గీత గుర్తుపెట్టుకోండి. తెల్లారేసరికి ఒక గీత తగ్గితే కంగారు వద్దు, చల్లబడి గ్యాస్ కుంచించుకుంది. నాలుగైదు గీతలు తగ్గితే ప్రతి కీలు దగ్గరా సబ్బు నురుగు రాయండి. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ.

మంట నీలంగా, పగటి వెలుగులో కనీకనబడకుండా ఉండాలి. బర్నరు మీద నుంచి ఎగిరి ఆరిపోతుంటే గాలి ఎక్కువైంది, పొయ్యి గాలి కంత మూయండి. మంట దుముకుతూ గుప్పుగుప్పుమంటుంటే గొట్టంలో నీళ్ళు నిలిచాయి, టీ వాల్వు తెరిచి వదలండి. దీన్ని ప్లాంటు పాడైందనుకుని ట్యాంకు మొత్తం ఖాళీ చేసేవాళ్ళు ఉన్నారు. ముందు ఆ చిన్న వాల్వు తిప్పి చూడండి.

పుల్లబడితే చేయాల్సింది: మేత పూర్తిగా ఆపండి. 200 గ్రాముల వంట సోడా బకెట్టు నీళ్ళలో కరిగించి పోయండి. మర్నాడు పీహెచ్ చూసి, 6.5 దాటకపోతే మళ్ళీ 200. నాలుగు రోజులకు మించి వేయొద్దు, ఉప్పులో ఉన్న సోడియమే సోడాలోనూ ఉంది, అదీ పేరుకుంటుంది. ఒక బకెట్టు తాజా పేడ కలపడం ఎప్పుడూ మంచిదే. చాలామంది సున్నం వేయమంటారు. వేయొచ్చు గానీ అది ఎక్కువైనా మనకు వెంటనే తెలియదు, కాస్త చెయ్యి జారితే పీహెచ్ అటువైపు దూకుతుంది. మంట మళ్ళీ వచ్చాక మేత సగం నుంచి మొదలు.

గ్యాస్ క్రమంగా తగ్గిపోతూ పీహెచ్ బాగానే ఉంటే, పైన మీగడ కట్టిందేమో చూడండి. డ్రమ్మును పట్టుకుని పావు వంతు అటూ ఇటూ తిప్పితే విరుగుతుంది. వారానికి ఒకసారి అలా తిప్పడం అలవాటు చేసుకుంటే ఆ బాధే ఉండదు. మడ్డి వాల్వు ఆరు నెలలకోసారి తెరిచి రెండు బకెట్లు తీయండి.

రోజూ బయటికి వచ్చే ద్రవానికి అయిదింతలు నీళ్ళు కలిపి మొక్కలకు పోయండి. నేరుగా పోస్తే కుండీల్లో మొక్కలు మాడతాయి.

హెచ్చరికలు

ట్యాంకు శుభ్రం చేయాల్సి వస్తే లోపలికి దిగకండి, తల కూడా పెట్టకండి. ఖాళీగా కనిపించే ట్యాంకులో ఆక్సిజన్ ఉండకపోవచ్చు, హైడ్రోజన్ సల్ఫైడు ఉండొచ్చు. అది మోతాదు ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన లేదు కదా అనుకున్నవాళ్ళే పడిపోతారు. బయటి నుంచి పొడుగు కర్రతో, గొట్టం నీళ్ళతోనే కడగాలి.

తుపాను హెచ్చరిక వస్తే పొయ్యి వాల్వు మూసి, డ్రమ్ము గ్యాస్ బయటికి వదిలి పూర్తిగా కిందికి దించండి. ఇసుక మూటలు తీయకండి. పైనుంచి అడ్డంగా రెండు తాళ్ళు వేసి నేల కొక్కేలకు బిగించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు డాబాల మీద నీళ్ళ ట్యాంకులు ఎగిరిపోయిన ఊరు ఇది. గ్యాసుతో పైకి లేచి ఉన్న ఖాళీ డ్రమ్ము వాటికన్నా తేలిక.

సంక్రాంతికి ఊరెళ్తే ఏం చేయాలని అడుగుతారు. వారం, పది రోజులకు ఏమీ చేయక్కర్లేదు. పొయ్యి వాల్వు మూసి, మూటలు అలాగే ఉంచి వెళ్ళండి. ఎక్కువైన గ్యాస్ డ్రమ్ము అంచు కిందనుంచి దానంతటదే పోతుంది. జీవాలు ఆకలితో నెల రోజులైనా బతుకుతాయి. తిరిగొచ్చాక మాత్రం ఆకలి మీద ఉన్నాయి కదా అని రెండింతలు పెట్టకండి, మొదటి మూడు రోజులు సగం మేతే.